కోసేవాడొకడు, చూసేవాడొకడు

కిసో లోయ,
నవంబరు 6

పూజ్యులైన కుమేజి అన్నకు నిహేయ్ నమస్కరించి రాసేది.

కసుమిని ఈ ఉదయం పంపించాం. ఆపిల్ పళ్ళు తోలే లారీ అతను దాన్ని ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తొట్టి చుట్టూ గడ్డిచాప చుట్టి, కదలకుండా తాడు కట్టాం. మూరెడు బోన్సాయ్ చెట్టుకి రెండు ఊళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక లారీ కావలసి వచ్చాయని మా ఆవిడ సుమియె నవ్వుతోంది. ఆకులు సగం రాలిపోయాయి, మిగిలిన సగం రాగిరంగు తిరిగి వేలాడుతున్నాయి. అవి మీ ఇంట్లో రాలతాయి. గురువుగారు పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస కదా. దాని ఆకులు లేని రూపం మీ కళ్ళకే రాసిపెట్టి ఉంది.

ఆయన పెట్టిన షరతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వేసవంతా నా దగ్గర, కత్తెర నాది. చలికాలమంతా మీ దగ్గర, చూపు మీది. మీరు చెట్టుకి కత్తెర తగిలించకూడదు, చూసింది చూసినట్టు నాకు రాయాలి. ఆ ఉత్తరం పట్టుకుని నేను మళ్ళీ వేసవిలో కోయాలి. కోసేవాడు తన కోతని తనే ముద్దు చేసుకుంటాడని ఆయన భయం. ఇద్దరిలో ఎవరికి చెయ్యి తప్పినా, చూపు తప్పినా రెండోవాడు ఒక్క ముక్క రాస్తే చాలు, చెట్టు పూర్తిగా అతనిదైపోవాలన్నారు. పదకొండు చలికాలాల్లో మీరు నన్ను తిట్టని తిట్టు లేదు గానీ ఆ ఒక్క ముక్కా రాయలేదు. అందుకు నేను మీకు రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరికి గురువుగారు పోయి పన్నెండేళ్ళు నిండుతాయి, పదమూడో ఏటి స్మారకం. ఆ రోజు కసుమిని ఆయన తోటలో, పెద్దగదిలో ఆయన పటం కింద పెట్టాలని మనం ఎప్పుడో అనుకున్నాం. తోటలో పని నేర్చుకున్నవాళ్ళంతా వస్తారు. ఆకులు లేని చెట్టంటే నా కోతంతా వాళ్ళ కళ్ళెదుట పరిచినట్టే. కాబట్టి తిట్లేమైనా ఉంటే త్వరగా రాయండి. పోయిన ఏడు ఇరవై మూడు తప్పులు లెక్కపెట్టారు. ఈసారి ఇరవైకి దించుతారని ఆశ.

చేతిరాత చూసి ఆశ్చర్యపోకండి. చలికి బొటనవేలు పగిలింది, అందుకని సుమియె చేత రాయిస్తున్నాను.

(రాస్తున్నది సుమియె. నమస్కారం అన్నగారూ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు, ఈ ముక్క మాత్రం నా సొంతం. ఆకు ఊరగాయ జాడీ లారీలోనే పెట్టాను. చెట్టుతోపాటు దించుకోవడం మరిచిపోవద్దు.)

మీ తమ్ముడు,
నిహేయ్


ఓమియా,
నవంబరు 29

ఒరేయ్ నిహేయ్,

చెట్టూ చేరింది, ఊరగాయా చేరింది. ఊరగాయ మూడు రోజుల్లో అయిపోయింది. చెట్టుని లారీ అతను పసిపిల్లని దించినట్టు దించాడు. దారంతా దానితో కబుర్లు చెబుతూ వచ్చాడట, మాట తిరిగి చెప్పని మనిషితో ప్రయాణం హాయిగా ఉంటుందన్నాడు. వాడికి పెళ్ళయి చాలా ఏళ్ళయిందనుకుంటాను.

చివరి ఆకులు పందొమ్మిదో తారీకున రాలాయి. గాలికి రాలని పదో పదకొండో ఉంటే సన్న పట్టకారుతో తీసేశాను. మెత్తటి కుంచె నీళ్ళలో ముంచి మొదలుకి పట్టిన నాచు కడిగాను. లోపలి బెరడు బూడిదరంగులోంచి వెండిరంగులోకి వచ్చింది. మర్నాడు పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకి దాన్ని తెల్లకాగితం తలుపు ముందు పెట్టి, గడ్డం చాపకి ఆనేదాకా వంగాను. నా నడుము సంగతి నీకు తెలుసు. అయినా వంగాను.

తిరగేసిన చీపురులా మొదలు నిటారుగా లేచి, అక్కణ్ణుంచి ఐదు కొమ్మలై, ఐదు ఇరవై అయి, ఇరవై లెక్కకి అందకుండా పోయాయి. చివరికొచ్చేసరికి కొమ్మ ఎక్కడ ఆగిందో గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు. పొగమంచు అని అర్థం వచ్చేట్టు గురువుగారు కసుమి అని ఎందుకు పేరు పెట్టారో ప్రతి ఏడూ ఈ రోజునే నాకు మళ్ళీ కొత్తగా తెలుస్తుంది. వేసవిలో అది పచ్చటి ముద్ద, ఎవరికైనా నచ్చుతుంది. ఇప్పుడు దాని నీడ కాగితం మీద పడింది, చెట్టు కన్నా నీడ పెద్దది, గాలికి కొంచెం ఊగుతోంది. చూస్తూ చూస్తూ నేను చీమంత అయిపోయాను. చెట్టు వెనకాల కోతలైపోయిన పొలాలూ, వాటి మధ్య ఒక దారీ కనపడ్డాయి. గురువుగారు మెడలో తువ్వాలు వేసుకుని ఆ దారిన వచ్చి, చెట్టు కింద ఆగి, పైకి చూసి, మళ్ళీ నడిచి వెళ్ళిపోయారు. నన్ను పలకరించలేదు. ఆయన ఎప్పుడూ అంతే. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కోడలు వచ్చి, టీ చల్లారి చాలాసేపయింది మామయ్యా, మీరు కూడా చల్లారిపోయారేమోనని చూడ్డానికి వచ్చానంది.

ఈ ఏడు నాకు చెప్పడానికి తప్పేమీ కనపడలేదు. బాగా కోశావు.

కుమేజి


కిసో లోయ,
డిసెంబరు 12

పూజ్యులైన కుమేజి అన్నకు,

మీ ఉత్తరం సుమియె చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నాకు నమ్మకం కలగలేదు. రెండోసారి లేచి ఇల్లంతా తిరిగాను. పదిహేనేళ్ళప్పుడు తోటలో చేరినప్పటి నుంచీ, పక్కపక్క పడకల మీద పడుకున్నప్పటి నుంచీ ఒక్కటంటే ఒక్క మంచి మాట మీ నోట వినడానికి ఎదురుచూశాను. నేను తుమ్మినా కొమ్మలు అదురుతాయిరా అని తిట్టేవారు. ఇప్పుడు బాగా కోశావన్నారు. పక్కింటివాళ్ళని పిలిచి సాకే సారా పోశాను. ఎందుకని వాళ్ళు అడిగితే మా అన్న మెచ్చుకున్నాడని చెప్పాను. డెబ్బై ఒక్క ఏళ్ళ ముసలాయనకి అన్న మెప్పు కావలసి వచ్చిందా అని వాళ్ళు నవ్వారు.

ఒక్క సంగతి మాత్రం రాయండి. ఎడమ వైపు పైకొమ్మ దగ్గర రెండు చిగుళ్ళ మధ్య ఖాళీ ఉండేది. పోయిన ఏడు మీరు రాస్తే ఈ వేసవిలో అక్కడ చిగుళ్ళు నిలబెట్టడానికి చూశాను. నిండిందా?

ఇక్కడ మంచు మోకాళ్ళదాకా పడింది.

మీ తమ్ముడు,
నిహేయ్

అన్నగారూ, ఆయన స్నానానికి వెళ్ళారు, అందుకని ఈ నాలుగు ముక్కలూ కింద రాస్తున్నాను. బొటనవేలు పగలడం అబద్ధం. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. గిన్నెలో మెత్తటి టోఫు ముక్క తినే పుల్లలతో పట్టుకోలేకపోతున్నారు. డాక్టరు ఇది తగ్గదన్నాడు. వేసవంతా నా కంట పడకుండా కట్టెల కొట్టం వెనక కూర్చుని కోశారు. మీరు మొదటిరోజే కనిపెట్టి ఉంటారని మీ ఉత్తరంతో నాకు తెలిసిపోయింది. మీరు పొగిడే మనిషి కాదు కదా. ఆ చెట్టు పోతే ఆయనకి పొద్దున్నే లేవడానికి కారణమేమీ ఉండదు. ఎలాగైనా ఇలాగే రాస్తూ ఉండండి. ఒకటి మాత్రం నాకు భయంగా ఉంది. నాలుగోసారి చదివినప్పుడు ఆయన నవ్వలేదు.


ఓమియా,
జనవరి 8

నిహేయ్,

కొత్త సంవత్సరానికి జిగురు బియ్యపు మోచీ ముద్ద తిని మూడు రోజులు కడుపు పట్టేసింది, అందుకే ఆలస్యం. మన వయసువాళ్ళు దాన్ని చిన్న ముక్కలుగా కోసుకుని తినాలని కోడలు ప్రతి ఏడూ చెబుతుంది. ప్రతి ఏడూ నేను వినను.

ఐదో తారీకున ఇక్కడ మంచు పడింది. మీ వైపు పడేంత కాదు, పిండి జల్లించినట్టు పిసరంత. చెట్లన్నిటినీ చూరు కిందికి జరిపాను గానీ కసుమిని కాసేపు బయటే వదిలేశాను. ప్రతి పుల్ల మీదా పైవైపు మాత్రం తెల్లటి గీత నిలిచింది. కింది వైపు నలుపు, పై వైపు తెలుపు. ఎవరో నిద్రలో గీసినట్టు ఉంది. మధ్యాహ్నానికి మంచు కరిగి, ఒక్కో పుల్ల చివర ఒక్కో బొట్టు వేలాడింది. ఆ బొట్లలో నువ్వు గింజంత మొగ్గలు కూడా కనపడ్డాయి, ఎర్రగా, గట్టిగా ముడుచుకుని. నాకు కన్నీళ్ళు ఎందుకొచ్చాయో అడక్కు. చలిగాలికి వచ్చి ఉంటాయి.

ఎడమ కొమ్మ దగ్గర ఖాళీ బాగానే ఉంది. అదంతా బాగానే ఉంది.

స్మారకం సంగతి ఆలోచించాను. ఆ గదిలో జనం ఊపిరికి వెచ్చబడుతుంది. లోపల రెండు రోజులుంటే మొగ్గలు తొందరపడి నిద్రలేస్తాయి, తర్వాత మంచు తగిలితే మాడిపోతాయి. ఈసారికి కసుమి బదులు దేవదారు ఏదైనా పెడదాం. గురువుగారు అర్థం చేసుకుంటారు.

కుమేజి


కిసో,
జనవరి 17, 18, 19

అన్నా,

ఇది నేనే రాస్తున్నాను. సుమియెకి తెలియదు. రోజుకి కొన్ని ముక్కలే రాయగలుగుతున్నాను. చదవడం కష్టమైతే క్షమించండి.

ఖాళీ బాగానే ఉంది అన్నారు. ఖాళీ బాగుండటం ఏమిటి? పదకొండేళ్ళలో అది బాగానే ఉంది అని మీరు ఒక్కసారీ రాయలేదు. పుల్ల పేరు, మొగ్గ పేరు పెట్టి రాసేవారు.

రెండు రోజులకి మొగ్గలు లేవవని మీకూ తెలుసు, నాకూ తెలుసు. గురువుగారు మూడు రోజులు పెట్టేవారు.

నా చెయ్యి పోయింది. జూన్ నుంచి. మీకు చెబితే మీరు ఆ ఒక్క ముక్కా రాస్తారని చెప్పలేదు.

మీరు పొగిడారు. పొగిడిన రోజు సంతోషించాను. తర్వాత ఆలోచించాను. మీ తిట్టు ఉన్నన్నాళ్ళూ నేను పనివాణ్ణి. మీరు నన్ను జాలిపడి మెచ్చుకుంటే ఇక నేనేం మిగిలాను?

ఎన్ని పాడుచేశానో లెక్కపెట్టి రాయండి. నేను భయపడను.

నిహేయ్


ఓమియా,
జనవరి 25

నిహేయ్,

నీ ఉత్తరం చదవడానికి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. అక్షరాలు వణికాయి గానీ ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు. నేను మాత్రం రెండు ఉత్తరాలు అబద్ధాలు రాశాను.

విను. కోసిన చివరలు నలిగినవి ముప్పై ఒకటి. కత్తెర ఒక్క దెబ్బకి తెగక రెండోసారి పడింది. వాటిలో తొమ్మిది ఎండిపోయాయి. లోపలి వైపు చూసే మొగ్గల మీద కోసినవి పద్నాలుగు, అవి ఈసారి లోపలికే పెరిగి ఒకదాన్నొకటి తొక్కుతాయి. వెనకవైపు నాలుగు చిగుళ్ళు నువ్వు చూడలేదు, అవి లావెక్కి పక్కవాటి తిండి తినేశాయి. నువ్వడిగిన ఎడమ పైకొమ్మ దగ్గర ఖాళీ నిండలేదు. అక్కడ రెండు పుల్లలు మొదలంటా తెగాయి. కత్తెర జారి ఉంటుంది. ఇప్పుడు అక్కడ పిడికిలంత ఆకాశం కనపడుతోంది. అది నిండడానికి ఐదేళ్ళు పడుతుంది. నాకు డెబ్బై ఆరు.

నువ్వడిగింది ఇదీ. నువ్వడగనిది కూడా ఒకటి చెబుతాను. ఇది నా కోడలికీ తెలియదు.

పోయిన ఏడు ఇరవై మూడు తప్పులు రాశాను చూడు, వాటిలో తప్పులు ఆరేడు. మిగిలినవి నా కడుపుమంట. గురువుగారు కత్తెర నీకిచ్చి నాకు చూపు ఇచ్చారని తెలిసిన రోజు నాలుగు మైళ్ళు నడిచాను. తోటలో పెద్దవాణ్ణి నేను. మూడు దశాబ్దాలు ఆయన వెనక నిలబడ్డవాణ్ణి నేను. నా చేతులకి ఏ జబ్బూ లేదు, అయినా చలికాలమంతా ఆ చెట్టు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. నువ్వు ఎంత బాగా కోస్తే నాకు అంత కోపం వచ్చేది. రాత్రి పగలు వెతికి తప్పులు పట్టేవాణ్ణి. నువ్వు వాటిని నమ్మి, మళ్ళీ వేసవిలో సరిదిద్ది పంపేవాడివి. అలా కసుమి ఇంత అందంగా తయారైంది. అందులో నా గొప్పేమీ లేదు.

ఇప్పుడు ఒక్క ముక్క రాస్తే అది నాదైపోతుంది. పన్నెండేళ్ళు కోరుకున్నాను. ఈ ఉదయం కలం పట్టుకుని చూశాను, రాయబుద్ధి కాలేదు. నేను రాయను. నువ్వు ఎలా కోస్తే అలా కొయ్యి, నేను చూస్తాను.

స్మారకానికి రా. కసుమినే పెడదాం. మొగ్గల సంగతి కూడా అబద్ధమే.

కుమేజి


కిసో లోయ,
ఫిబ్రవరి 21

పూజ్యులైన కుమేజి అన్నకు,

ఇది సుమియె రాత. ఇకముందు కూడా ఆమే రాస్తుంది, బొటనవేలి కథలు అక్కర్లేదు.

క్షేమంగా చేరాం. రైల్లో సుమియె నిద్రపోయింది, నేను కిటికీలోంచి కొండల మీద ఆకులు లేని అడవిని చూస్తూ వచ్చాను. ఇన్నేళ్ళూ చూశాననుకున్నాను. చూడలేదు.

ఆ రోజు పెద్దగదిలో అందరూ వంగి చూస్తుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కసుమి నాకు కనపడకుండా వాళ్ళ వీపులు అడ్డంగా ఉన్నాయి, నాకూ అదే కావలసింది. ఆ క్యోటో ఆయన, మన తర్వాత చేరిన మొసాకు, ఎడమ వైపు వేలు చూపించి, ఈ పక్క కోసిందెవరండీ అని అడిగాడు కదా. మీరు లేచి, "నేనేనయ్యా, నా చెయ్యి జారింది" అన్నారు. పన్నెండేళ్ళుగా దానికి కత్తెర తగిలించని మనిషని ఆ గదిలో ఎవరికి తెలియదు అన్నా? అబద్ధం ఆడటం కూడా మీకు ఈ వయసులోనే మొదలు, అందుకే అంత మొరటుగా ఉంది. అప్పుడు నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "నేను కోశాను మొసాకూ. నా చెయ్యి వణుకుతుంది, ఇక తగ్గదు" అన్నాను. అన్నాక కాళ్ళలో బలం వచ్చింది. మొసాకు చెట్టుకి మళ్ళీ ఒకసారి తలవంచి, తర్వాత నాకు తలవంచాడు.

అందరూ భోజనానికి వెళ్ళాక మీరు నన్ను గదిలో వదిలి తలుపు జరిపి వెళ్ళారు. మీరు రాసినట్టే గడ్డం చాపకి ఆనించాను. అన్నా, నేను కోసింది ఇదా? వేసవిలో నాకు ఒక్కో చిగురూ ఒక్కో పని. రెండాకులు ఉంచు, మిగతాది తియ్యి, పక్కదానికి పో. అవన్నీ కలిసి ఇలా అవుతాయని మీరు రాస్తే చదివాను గానీ నా కళ్ళకి తెలియదు. కిందనుంచి చూస్తే అది ఆకాశమంతా ఉంది. దాని కింద గాలి ఆడటం లేదు, ఎవరో ఊపిరి బిగపట్టినట్టు ఉంది. చెట్టు వెనక దారి కూడా ఉంది, మీరు కట్టుకథ చెప్పలేదు. దాని మీద నాకు గురువుగారు కనపడలేదు, ఎవరూ లేరు, ఊరికే వెన్నెల లాంటి వెలుగు పడి ఉంది. ఎడమ వైపు ఆ పిడికిలంత ఖాళీ కూడా చూశాను. చాలాసేపు దాన్నే చూశాను. ఏడ్చాను. సుమియె మూడుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క ముక్క మీరు రాయనన్నారు కాబట్టి నేనే రాస్తున్నాను. కసుమి మీది. మార్చిలో లారీ పంపకండి. ఇంకో వేసవి నా దగ్గర ఉంటే నేను దాన్ని చంపేస్తాను, నా మీద జాలితో మీరు చూస్తూ కూర్చుంటారు. గురువుగారు షరతు పెట్టింది అలాంటి జాలి మనకి రాకూడదనే. నాకు కోపం లేదు, కొంచెం దుఃఖం ఉంది, అది ఉండనివ్వండి.

కానీ కోసేవాడే చూసేవాడు కాకూడదు. కత్తెర మీరు పట్టుకోండి. ప్రతి డిసెంబరులో నేనూ సుమియె రైలెక్కి వస్తాం, నాకు కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. తప్పులు లెక్కపెడతాను. మీరు నాకు పెట్టిన లెక్కలో సగానికి పైగా కడుపుమంటే అన్నారు. నా దగ్గర అది లేదు, అందుకని నా లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది.

మీ తమ్ముడు,
నిహేయ్

(అన్నగారూ, వచ్చిన మర్నాడు ఆయన నాకన్నా ముందే లేచారు. డిసెంబరుకి ఎన్ని రోజులుందో లెక్కపెడుతూ కూర్చున్నారు. సుమియె.)


ఓమియా,
మే 18

ఒరేయ్ నిహేయ్,

ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. కసుమికి రెల్లు తడికెలు కట్టాను, రోజుకి మూడుసార్లు నీళ్ళు పోస్తున్నాను. మీ కొండల చల్లదనం దానికి గుర్తొస్తున్నట్టుంది, మధ్యాహ్నం కొంచెం మొహం వేలాడేస్తుంది. సాయంత్రానికి తేరుకుంటుంది.

చిగుళ్ళు కత్తెరకి వచ్చి వారమైంది. రోజూ రేపు చూద్దాం అనుకున్నాను. ఇవాళ పొద్దున చేతులు కడుక్కుని, గురువుగారి కత్తెర తీసి, దాని ముందు కూర్చున్నాను. ఎడమ వైపు ఆ ఖాళీ పక్కన రెండు చిగుళ్ళు లేచాయి. ఒకటి ఉంచాలి, ఒకటి తియ్యాలి. ఏది తియ్యాలో నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నవాణ్ణి. చెయ్యి గాలిలోనే నిలబడిపోయింది. పొయ్యి మీద కెటిల్లో నీళ్ళు ఇగిరిపోయాయని కోడలు వచ్చి కేకలేసింది. అయినా కత్తెర మూయలేకపోయాను. డిసెంబరులో నువ్వు గడ్డం చాపకి ఆనించి ఇక్కడే చూస్తావు. ఇదెవరు కోశారు అంటావు. చివరికి కళ్ళు మూసుకున్నంత పనిచేసి కోశాను. పదకొండు చిగుళ్ళయ్యేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. నాకు ఏ జబ్బూ లేదు, అయినా చెయ్యి వణికింది.

ఇంత భయంగా ఉంటుందని ఒక్క ఉత్తరంలోనైనా ఎందుకు చెప్పలేదురా?

కుమేజి